చిట్టత్త మోచేయి

సూర్యుడు ఒక్కోరోజు బద్ధకించి ఆలస్యంగా లేస్తాడేమో గానీ, పిల్లికన్ను స్టూడియో రేకు తలుపు మాత్రం ఏనాడూ ఆలస్యంగా లేవలేదు. అది చేసే గరగర చప్పుడుకే వీధిలో సగంమంది గడియారాలు సరిచేసుకునేవాళ్లు. మిగతా సగంమంది గడియారాలే అమ్మేసుకున్నారు. తలుపెత్తడం, గుమ్మం ఊడవడం, పసిపిల్లల ముక్కు తుడిచినంత సుతారంగా లెన్సులు తుడుచుకోవడం, ఆపైన గాజుగ్లాసులో టీ తాగుతూ నిన్న చెప్పిన గొప్పలే మళ్లీ మొదట్నుంచీ చెప్పుకోవడం. ఇదీ ఆ స్టూడియో ఆయన పొద్దుటి పని.

అవి ఉత్తుత్తి గొప్పలనుకునేరు! చీకట్లో ఫోటో తీయడంలో ఆ మనిషికి సాటి వచ్చేవాడు అప్పటికి పుట్టలేదు. ఆ తర్వాత ఎవడైనా పుట్టినా ఆయన దగ్గరే నేర్చుకుని ఉంటాడు. బొగ్గులకొట్లో నల్లపిల్లి పడుకుని ఉంటే, తలుపులు మూయించి, ఫ్లాష్ లేకుండా ఫోటో తీశాడొకసారి. అందులో పిల్లి మీసాలు లెక్కపెట్టుకోవచ్చు. దాని కలలో పరిగెడుతున్న ఎలుక తోక కూడా రవంత పడింది. ఆ దెబ్బతో ఆయనకి పిల్లికన్ను అన్న పేరు స్థిరపడిపోయి, అసలు పేరు కన్నతల్లి కూడా మరిచిపోయింది.

ఫ్లాష్ అంటే ఆయనకి ఒళ్లుమంట. "నిద్రపోతున్నవాడి మొహాన టార్చి కొట్టి, కులాసానా అని అడిగినట్టుంటుంది" అనేవాడు.

అయితే చీకటి ఏదీ ఊరికే ఇవ్వదు. వెలుతురు చాలనప్పుడు కెమెరా ఉన్న కాస్తనే సాగదీసి చూపిస్తుంది. పిడికెడు పిండితో ఇంటిల్లిపాదికీ రొట్టెలు ఒత్తితే ఏమవుతుంది? పలచబడి చిల్లులు పడతాయి. ఫోటో కూడా అంతే. నీడలున్న చోటల్లా ఎర్రవీ, పచ్చవీ, నీలివీ సన్నటి చుక్కలు ముసురుకుంటాయి. స్టూడియోల వాళ్లు దాన్ని నాయిస్ అంటారు. ఆ వీధిలో నలుసులనేవాళ్లు.

ఆ నలుసుల పని పట్టేది పిల్లికన్ను భార్య. తనకంటే పెద్దవాళ్లతో సహా వీధి మొత్తం ఆమెని వదిన అనే పిలిచేది. కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ చేతపట్టిందంటే ఎంతటి నలుసైనా తోక ముడవాల్సిందే. ఆవిడ శుభ్రం చేసిన ఫోటో మీద వాలబోయిన ఈగ ఒకటి జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. అది చాన్నాళ్లు వీధిలో కుంటుతూ ఎగరడం చూసినవాళ్లున్నారు.

"తీసేదాంట్లో ఉంది గొప్ప" అనేవాడు ఆయన.

"వండి పారేసేవాడికేం తెలుస్తుంది, గిన్నెలు తోమేవాళ్ల బాధ?" అనేది ఆవిడ, తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

వాళ్లకి ఏటా తప్పని పని ఒకటుండేది. బట్టలకొట్టాయన ఇంట్లో, వాళ్లమ్మ పుట్టినరోజుకి తీసే కుటుంబం ఫోటో. ఆ పెద్దావిడకి కళ్ల ఆపరేషన్ అయినప్పట్నుంచీ వెలుతురు గిట్టదు. అందుకని పట్టపగలే హాలంతా దళసరి పరదాలు దించి, పెద్దావిడని మధ్యన కూర్చోబెట్టి, కొడుకూ కోడలూ మనవలూ చుట్టూ నించునేవాళ్లు. ఆ మసకలో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీయగల మొనగాడు పిల్లికన్ను తప్ప ఇంకెవడు?

ఆ వరసలో చిట్టచివర, బీరువా పక్క నీడలో నించునేది చిట్టత్త. పెద్దావిడ ఆఖరి కూతురు, బట్టలకొట్టాయన చెల్లెలు. పిల్లలు చిట్టత్త అంటారు కాబట్టి వీధి కూడా అలాగే అనేది.

చిట్టత్త కొన్నేళ్లుగా పలచబడుతోంది. చిక్కిపోవడం కాదు. చుక్కలు చుక్కలుగా విడిపోతోంది. కిటికీ దగ్గర నించుంటే ఆమెలోంచి వెనకున్న గోడ రంగు తెలిసేది. నడుస్తుంటే చీర అంచుల దగ్గర సన్నటి చుక్కలు రెండు మూడు లేచి, కాసేపు ఆలోచించి, మళ్లీ వచ్చి ఒంటికి అతుక్కునేవి. ఇంట్లోవాళ్లు మంచివాళ్లే. ఆమె హాల్లోకి వస్తుంటే "ఫ్యాన్ ఆపండ్రా, అత్త చెదిరిపోతుంది" అని కేకేసేవాళ్లు. డాక్టరు నాడి చూడబోతే ఆయన వేళ్లు ఒకదానికొకటి తగిలాయి. బలానికి మందు రాసిచ్చి, ఎండలో తిరగొద్దన్నాడు.

ఆమెకి ఆ ఇంటి బయట ఉన్నదల్లా వీధి మలుపులో లాండ్రీ, అందులో ఒక కుర్చీ. ఆ కుర్చీలో కూర్చుని రఫూ చేసేది. రఫూ అంటే మామూలు కుట్టు కాదు. చిరిగిన చోట దారంలో దారం కలిపి, తనకి చిరుగు పడిందన్న సంగతి బట్టే మరిచిపోయేలా చేయాలి. చిట్టత్త రఫూ చేశాక ఒక పెద్దమనిషి తన కోటుకి చిరుగెక్కడుండేదో ఎంత వెతికినా దొరక్క, కోటు మార్చేశారని లాండ్రీ మీద పోట్లాటకొచ్చాడు. ఆయన్ని శాంతింపజేయడానికి కోటు మళ్లీ చింపి చూపించాల్సొచ్చింది.

అలాంటి చేతుల్లోంచి ఆ ఏడు సూది జారిపోవడం మొదలుపెట్టింది. వేళ్ల సందుల్లోంచి కాదు, వేళ్లలోంచే.

లాండ్రీ బాబాయి ఒకరోజు నల్లకోటు ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "అమ్మాయ్, ఇది సంగీతం మాస్టారిది. జేబు పక్కన చిమ్మట కొట్టింది. శనివారం కచేరీ ఉందట. చేస్తావా, పక్కవీధి వాళ్లకి పంపమంటావా?"

"చేస్తాను బాబాయ్."

"చేస్తానని పోయినసారి కూడా అన్నావు, ఆ శాలువా అలాగే ఉండిపోయింది. నువ్వంటే నాకు అభిమానం లేక కాదు. ఈ కోటు అయితే సరే. కాకపోతే ఆ కుర్చీలో ఇంకెవర్నయినా కూర్చోబెట్టుకుంటాను. నా కొట్టు కూడా నడవాలి కదమ్మా."

ఇంటికెళ్లి చెబితే అన్నయ్య తేలిగ్గా నవ్వేశాడు. "పోనీలే చిట్టీ, నీకెందుకా చాకిరీ? ఇంట్లో ఓ మూల హాయిగా ఉండు."

మూల అన్న మాట వినగానే చిట్టత్త భుజం మీంచి నాలుగు చుక్కలు లేచి ఎటో పోయాయి. అవి మళ్లీ రాలేదు.

మర్నాడే పెద్దావిడ పుట్టినరోజు. పిల్లికన్ను స్టాండు భుజానేసుకుని యుద్ధానికెళ్తున్న సేనాపతిలా దిగాడు. పరదాలు దించారు. హాలంతా చల్లటి బూడిదరంగు నీళ్లతో నిండినట్టయింది. మనుషులు ఆ నీళ్లడుగున నించున్నట్టు నెమ్మదిగా కదులుతున్నారు. ఆయన లెన్సు ఎంత విప్పారగలదో అంతా విప్పాడు. ఉన్న కాస్త వెలుతురుని సాగదీసే ఐఎస్ఓని ఆఖరి మెట్టుకెక్కించాడు.

"ఎవ్వరూ కదలొద్దు! రెప్ప వేసినవాడి బొమ్మ రాదు, ఆపైన నన్నడక్కండి."

"నా రెప్పలు నా ఇష్టం" అంది పెద్దావిడ.

"మీరు వేసుకోండమ్మా, మీ కోసం కెమెరా ఆగుతుంది."

"చిట్టి వచ్చిందా?" అడిగిందావిడ, తల తిప్పకుండా.

"వచ్చిందమ్మా. అదిగో, బీరువా పక్కన మసగ్గా" అన్నాడు కొడుకు.

క్లిక్. అయిపోయింది.

"ఏమయ్యా, ఫోటో అద్దంలా ఉండాలి సుమా!" వెళ్లేముందు బట్టలకొట్టాయన హెచ్చరించాడు. "ఒక్క నలుసు కనబడ్డా పెద్దబజార్లో మెషినుకిచ్చేస్తాను. వాళ్లు ఒక్క మీట నొక్కి మొత్తం కడిగేస్తారట."

"మెషినా!" అంటూ పిల్లికన్ను నవ్విన నవ్వుకి గోడ మీది పాత ఫోటోలు కాస్త పక్కకి ఒరిగాయి.

ఆ మర్నాడు మధ్యాహ్నం చిట్టత్త కోటు పట్టుకుని స్టూడియోకి వచ్చింది. లాండ్రీలో ఇస్త్రీ ఆవిరికీ, ఇంట్లో ఫ్యాన్ గాలికీ ఆమె చేతులు నిలవడం లేదు. స్టూడియోలో తెరలు ఊగుతాయని ఫ్యానే పెట్టించలేదు పిల్లికన్ను. "ఇక్కడ కాసేపు కూర్చుంటాను వదినా. శనివారానికి ఈ కోటు కాకపోతే నా పనైపోయినట్టే" అంది.

"కూర్చో, నిన్నెవరు వద్దన్నారు?" అంది వదిన. ఆవిడ తెర మీద నిన్నటి ఫోటో తెరిచి నలుసులు తుడుస్తోంది. పెద్దావిడ పమిట అయింది, పిల్లల జుట్టు అయింది, బీరువా దగ్గరికొచ్చింది. అక్కడ నలుసులు మరీ దట్టంగా ఉన్నాయి. ఏటా అంతే, ఆ మూల ఆవిడ సహనానికి పరీక్ష. మౌస్‌ని ఒక్క రుద్దు రుద్దింది.

వెనక సూది నేలమీద పడ్డ చప్పుడైంది. వదిన తిరిగి చూసింది.

"అదేంటే, నీ మోచేయి ఏది?"

చిట్టత్త చూసుకుంది. "ఇందాకటిదాకా ఇక్కడే ఉంది వదినా."

వదిన తెర వంక చూసింది, చిట్టత్త వంక చూసింది. చేసిన పనిని వెనక్కి తీసుకునే మీట ఒకటుంటుంది కదా, అది నొక్కింది. మోచేయి వచ్చి తన చోట కూర్చుంది. ఈసారి కావాలనే భుజం దగ్గర కొంచెం తుడిచింది.

"చలేసిందా?"

"వేసింది."

మీట నొక్కింది. "ఇప్పుడు?"

"పోయింది." చిట్టత్త మొహం వికసించింది. "ఓహో, అదా సంగతి! ఏటా అమ్మ పుట్టినరోజవగానే నాకు వణుకు పుట్టేది. ఫోటో గోడకెక్కాక తగ్గేది. కాలం మారుతోంది, అందుకేననుకునేదాన్ని."

వదిన మౌస్ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఏ నలుసుల్ని తుడిచానని ఏటేటా మురిసిపోయిందో అవన్నీ బల్ల మీద ఇసకలా పేరుకుని కళ్లముందు కనబడ్డట్టయింది. "ఇన్నేళ్లూ నేను నిన్ను తుడుస్తున్నానటే?" అంది. ఆ గొంతులో ఏడుపు కంటే పని చెడిపోయిందన్న అవమానం ఎక్కువగా ఉంది.

పిల్లికన్ను లోపల్నుంచి వచ్చి సంగతి విన్నాడు. "నేనప్పుడే అనుకున్నా!"

"ఏమనుకున్నావు?"

"అదే… ఏదో అనుకున్నా."

"అనుకున్నది చాలు గానీ ఇప్పుడేం చేద్దాం? నలుసులుంచి ఇస్తే వాళ్లన్నయ్య మెషినుకిస్తాడు. అక్కడ మోచేతితో ఆగరు, మనిషి మొత్తం పోతుంది. తుడిచిస్తే నేనే తీసేసినట్టు. వీటిల్లో నలుసేదో చిట్టి ఏదో ఎలా తేల్చడం?"

పిల్లికన్ను కుర్చీ వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. ఆ మనిషి ఆలోచిస్తే వీధిలో కుక్కలు మొరగడం ఆపేవి. కాసేపటికి కళ్లు తెరిచాడు.

"నలుసుకి నిలకడుండదు. ఒక ఫోటోలో ముక్కు మీద వాలితే ఇంకో ఫోటోలో గోడ మీద వాలుతుంది. దేశదిమ్మరి. మనిషి అలా కాదు, ఉన్నచోటే ఉంటుంది. ఈమెని ఇక్కడ కూర్చోబెట్టి, అదే చోటునుంచి తీసిందే తీసిందే తీసి, అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు కట్టావనుకో, దిమ్మరులన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని పోతాయి. ఇంటిమనిషి మిగులుతుంది. ఆమెని తీసుకెళ్లి ఆ మూలలో పెట్టెయ్."

"ఎన్ని తీయాలి?"

"మనిషి ఎంత తక్కువుంటే ఫోటోలు అంత ఎక్కువ."

"మధ్యలో కదిలితే?"

పిల్లికన్ను గొంతు మొదటిసారి తగ్గింది. "కదిలితే ఈమెని కూడా దిమ్మరే అనుకుంటుంది లెక్క. సగటులో కలిసిపోతుంది."

ఇద్దరూ చిట్టత్త వంక చూశారు. ఆమె వంగి నేలమీది సూదిని అందుకోబోయింది. వేళ్లు దాన్ని దాటుకుని నేలకి తగిలాయి. మూడోసారికి ఊరుకుని లేచింది.

"తీయండి. కదలకుండా ఉండటం నాకు కొత్తేం కాదు, ఇన్నేళ్లూ చేసిందదే" అంది.

చిట్టత్తని స్టూలు మీద కూర్చోబెట్టి తెరలు దించారు. ఎండలో తీస్తే లాభం లేదు, వెలుతురు ఆమెలోంచి దూసుకుపోతుంది. మసకైతేనే కాస్త ఆగుతుంది. పరదా చీలికలోంచి ఒక పలచటి కాంతి వచ్చి చిట్టత్త చెంప పక్కన నించుంది, లోపలికి రావచ్చా అని అడుగుతున్నట్టు. పిల్లికన్ను మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఆగలేదు. ఆ చప్పుడు జోలపాటలా సాగింది. వీధిలో సైకిళ్లు నెమ్మదించాయి, డాబా మీద పావురాలు తలలు రెక్కల్లో దాచుకున్నాయి, ఎదురుకొట్లో మంగలి సగం గడ్డం గీసి కునుకు తీశాడు, గీయించుకునేవాడు అంతకుముందే తీస్తున్నాడు. కెమెరా పెనంలా వేడెక్కితే పిల్లికన్ను దాన్ని తడిబట్టతో ఒత్తి, బ్యాటరీ మార్చి, మళ్లీ నొక్కాడు. ఆయన వేలికి కాయ కాసింది. ఆ కాయ ఆ తర్వాత వానొచ్చేముందు నొప్పి పెట్టేది.

చిట్టత్త ఒంటి చుక్కలు పుప్పొడిలా చుట్టూ తేలుతున్నాయి. వాటి మధ్య ఆమె కళ్లు మాత్రం కదలకుండా ఉన్నాయి.

ఇక చాలని పిల్లికన్ను సైగ చేశాక, వదిన కంప్యూటర్ ముందు కూర్చుని ఫోటోలు పేర్చడం మొదలుపెట్టింది. ఒకటి, దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి. తెర మీద ఇసకతుఫానులా ఉన్నది మెల్లగా నెమ్మదించింది. ముందు పాపిడి తేలింది. తర్వాత కనుబొమలు. స్టూలు మీద చిట్టత్త పాపిడీ కనుబొమలూ అలాగే తేలుతున్నాయి. ముక్కు కూడా వచ్చింది. ఆ పక్కనే ఇంకో ముక్కు.

"వదినా, నాకు రెండు ముక్కులొచ్చినట్టున్నాయి" అంది చిట్టత్త గాభరాగా. "మధ్యలో తుమ్మొచ్చింది. బిగబట్టాను గానీ…"

"కదలకు!" వదిన గబగబా వెతికింది. తుమ్మినప్పటి ఫోటోలు ఎక్కడున్నాయి? ఒక్కోటీ తీసి చూస్తోంది, పక్కన పడేస్తోంది. ఈలోగా రెండు ముక్కులూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటున్నాయి, చెంపలు పలచబడుతున్నాయి. పిల్లికన్ను గొప్పలన్నీ మరిచిపోయి తడిబట్టని పిండిందే పిండుతున్నాడు. వదిన నుదుటి మీద చెమట కారి కీబోర్డు మీద పడింది. చివరికి ఆ తుమ్ము ముక్కలన్నీ ఏరి పారేసింది. రెండో ముక్కు మాయమై, మొదటిది గట్టిగా నిలబడింది. దాని కింద పెదవులు, గడ్డం పక్కన పుట్టుమచ్చ, మెడ, చేతులు, వేలి కొసల్లో సూదిపోట్ల గుర్తులు. ఆఖరి ఫోటో చేర్చగానే చిట్టత్త కూర్చున్న స్టూలు కిర్రుమంది.

ఆ స్టూలు ఆమె కింద చప్పుడు చేయడం అదే మొదలు.

వదిన తెర మీది మొహాన్ని చాలాసేపు చూసింది. సాత్వికురాలు, నోట్లో వేలు పెడితే కొరకలేదు అని అందరూ చెప్పుకునే చిట్టత్త అక్కడ లేదు. కనుబొమలు ముడిపడి, పెదవి బిగించి, నిప్పులు చెరుగుతూ ఒకావిడ కూర్చుని ఉంది.

"ఇంత కోపంగా ఉన్నావేంటే?"

"ఎప్పట్నుంచో ఉన్నాను వదినా. మీకు ఇప్పుడు కనబడుతోంది." చిట్టత్త వంగి నేలమీది సూది తీసింది. అది ఆమె వేళ్ల మధ్య బుద్ధిగా నిలబడింది.

వదిన ఆ మొహాన్నీ మెడనీ చేతుల్నీ కుటుంబం ఫోటోలో బీరువా పక్కన నించున్న చిట్టత్తకి అతికించి, మిగతా నలుసులు తుడిచేసింది. సాయంత్రం బట్టలకొట్టాయన వచ్చి ఫోటో చూశాడు. నలుసన్నది లేదు. బీరువా పక్కన తన చెల్లెలు నించుని తనవంకే చూస్తోంది. ఆయన ఆ చూపు నుంచి తప్పుకోవడానికి ఫోటోని కాస్త వంచి చూశాడు. కుదరలేదు.

"చిట్టి ఇంత పొడుగా?" అన్నాడు చివరికి.

"పొడుగే అన్నయ్యా" అంది వెనకాల్నుంచి చిట్టత్త. ఆయన ఉలిక్కిపడి పక్కకి జరిగి దారిచ్చాడు. కోటు చంకన పెట్టుకుని ఆమె లాండ్రీకి బయల్దేరింది. వీధి దీపం కింద ఆమె నీడ నల్లగా, బరువుగా వెంట నడిచింది.

శనివారం పొద్దున లాండ్రీ బాబాయి కోటు అందుకుని వెలుతురుకి పట్టుకుని చూశాడు. ఆయన మొహం వాడిపోయింది. జేబు పక్కన వేలెడంత గీత. దారం అదే, రంగు అదే, నేత అంతకంటే గట్టిది. అయినా అక్కడ ఒక చెయ్యి పనిచేసిందని తెలిసిపోతోంది.

"అమ్మాయ్, కనబడుతోందే!"

చిట్టత్త దగ్గరికొచ్చి చూసింది. వేలితో తడిమింది. ఆమె రఫూ కనబడటం ఎన్నడూ లేదు. విప్పి మళ్లీ చేయడానికి టైము లేదు, మాస్టారు అప్పటికే మెట్లెక్కుతున్నాడు. ఆమె వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

మాస్టారు కోటు తొడుక్కుని అద్దం ముందు నించున్నాడు. జేబు దగ్గర ఆయన వేలు ఆగింది. బాబాయి క్షమాపణలన్నీ నోట్లో వరసగా పేర్చుకుంటున్నాడు. మాస్టారు ఆ గీత మీద బొటనవేలు అటూ ఇటూ నడిపి, తీగ మీటే ముందు చూసుకున్నట్టు మెల్లగా నొక్కి చూశాడు.

"ఇదెవరు చేశారు?"

ఆ కొట్టు పెట్టినప్పట్నుంచీ ఏ కోటు గురించీ ఏ మనిషీ అడగని ప్రశ్న అది. బాబాయి నోట్లో పేర్చుకున్న మాటలన్నీ కూలిపోయాయి. ఆయన తల మూల కుర్చీ వైపు తిరిగింది.

కుర్చీని చప్పుడయ్యేలా వెనక్కి జరిపి చిట్టత్త లేచి నించుంది.

"నేను" అంది.